ఎదిగే బిడ్డను వంగనివ్వకండి

ముదిగొండ మండలంలోని తల్లిదండ్రులకు, పంతుళ్లకు, పంచాయతీ పెద్దలకు, యువతకు విజ్ఞప్తి



కరపత్రం మన ఊళ్లకు కొత్త కాదు. భూమి కోసం, కూలి కోసం, సాగర్ కాలువ నీళ్ల కోసం ఇక్కడ ఎన్నో పంచారు. చదువు వచ్చినవాళ్లు చదువు రానివాళ్లకు రచ్చబండ దగ్గర చదివి వినిపించారు. 2007 జులై 28న భూమి అడిగినందుకు ఏడుగురు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయిన నేల ఇది. మనిషికి మర్యాద ఎంత అవసరమో ముదిగొండకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. అయితే ఆ మర్యాద మన ఇళ్లల్లోనే కొందరు ఆడపిల్లలకు దక్కడం లేదు. తోటివాళ్లకన్నా పొడుగ్గా పుట్టి పెరగడమే వాళ్లు చేసిన పాపం. వాళ్ల తరఫున మాట్లాడటానికే ఈ నాలుగు మాటలు.

మన మధ్య జరుగుతున్నది

అలాంటి ఒక పిల్ల ఆరో తరగతిలోనే తల్లి భుజం దాటింది. ఎనిమిదికి వచ్చేసరికి తండ్రి పక్కన సమానంగా నిలబడింది. అప్పటి నుంచి ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయి ఊరు పెట్టిన పేర్లు వచ్చాయి. తాటిచెట్టు, నిచ్చెన, కరెంటు స్తంభం, జిరాఫీ. బడిలో ప్రార్థన వరసలో ఎప్పుడూ ఆఖరున నిలబడాలి. తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీ. వార్షికోత్సవం నాటకంలో మగవేషం ఆమెదే. కోలాటానికి జత కట్టేటప్పుడు ఆమె ఒక్కతే మిగిలిపోతుంది. ఫోటో దిగేటప్పుడు "నువ్వు వెనక్కి పో" అంటారు.

పెళ్లికో పేరంటానికో తీసుకుపోతే చుట్టాలు ముందు మంచినీళ్లు కూడా అడగరు. "అబ్బో, ఎంత పొడుగైందే! దీనికి మొగుణ్ని యాడ తెస్తరే?" అంటారు. తల్లి ఏమనాలో తోచక నవ్వేస్తుంది. ఆ నవ్వును పిల్ల మరచిపోదు. తన ఎత్తు ఇంటికి బరువని, తల్లి కూడా దానికి సిగ్గుపడుతోందని ఆమెకు అప్పుడే అర్థమవుతుంది.

ఇక అక్కడి నుంచి ఆమె మెల్లగా వంగడం మొదలుపెడుతుంది. మెడ ముందుకు వాలుతుంది. భుజాలు లోపలికి ముడుచుకుంటాయి. నిలబడాల్సిన చోట కూర్చుంటుంది. జవాబు తెలిసినా చెయ్యెత్తదు, ఎందుకంటే చెయ్యెత్తితే లేచి నిలబడమంటారు. బోర్డు దగ్గరికి రమ్మంటే కడుపునొప్పి అంటుంది. మార్కులు తగ్గాక మనం "చదువు మీద ధ్యాస లేదు" అంటాం. ధ్యాస అంతా తన ఒళ్లు దాచుకోవడానికే సరిపోతోందని చూడం.

పొలంలో మిరప ఏపుగా లేస్తే ఊరంతా గట్టు మీద నిలబడి మెచ్చుకుంటాం, దిష్టి తగలకుండా బొమ్మ కడతాం. ఇంట్లో ఆడబిడ్డ ఏపుగా లేస్తే మాత్రం నలుగురిలో తలదించుకుంటాం. ఈ తీరు మారాలి.

ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది

ఎత్తు ప్రధానంగా వంశం నుంచి వస్తుంది. దానికి తిండి, నిద్ర, ఆరోగ్యం తోడవుతాయి. పిల్లల వైద్యులు వాడే ఒక చిన్న లెక్క ఉంది. తండ్రి ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని అందులోంచి 13 తీసేయండి. దానికి తల్లి ఎత్తు కలిపి సగం చేయండి. తండ్రి 178, తల్లి 165 అయితే లెక్క 165కి వస్తుంది. బిడ్డ దానికి అటూ ఇటూ 8 సెంటీమీటర్ల దాకా ఉండవచ్చు, అంటే 173 దాకా పెరిగినా అందులో వింతేమీ లేదు. మన దేశంలో పెద్దవయసు స్త్రీల సగటు ఎత్తు 152 దరిదాపుల్లో ఉంది కాబట్టి ఆ పిల్ల నలుగురిలో ఎత్తుగా కనబడుతుంది. అంతకు మించి ఆమెలో తేడా లేదు.

ఇంకొక సంగతి. ఆడపిల్లలకు పెరుగుదల ఊపు సాధారణంగా తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య మొదలవుతుంది. మగపిల్లలకు అది దాదాపు రెండేళ్లు ఆలస్యం. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలు మగపిల్లల్ని దాటేసి కనబడతారు. పెద్దమనిషి అయ్యాక పెరుగుదల నెమ్మదిస్తుంది. ఆ తర్వాత సామాన్యంగా మరో అయిదారు సెంటీమీటర్లు పెరిగి ఆగిపోతుంది. "ఇట్లనే పెరుగుతనే ఉంటనా?" అని భయపడే పిల్లకు ఈ ఒక్క మాట ఎవరైనా చెబితే సగం భయం పోతుంది. ఆ మాట చెప్పేవాళ్లే కరువయ్యారు.

ఎత్తు జబ్బు వల్ల వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి అరుదు. ఇంటిల్లిపాదీ పొట్టివాళ్లై ఉండి పిల్ల ఒక్కతే బాగా పొడుగైతే, ఎనిమిదేళ్లు నిండకముందే యుక్తవయసు గుర్తులు కనబడితే, చేతులు చాచినప్పుడు ఆ కొలత ఎత్తుకన్నా బాగా ఎక్కువ వస్తే, వేళ్లు మరీ సన్నగా పొడుగ్గా ఉండి చూపు మందగిస్తే, వెన్నెముక ఒక పక్కకు వంగితే, కొద్దిగా నడిచినా ఆయాసం వస్తే పిల్లల వైద్యుడికి చూపించాలి. పొడుగు చేతులు, పొడుగు వేళ్లతో ఉండే మార్ఫాన్ అనే వంశపారంపర్య జబ్బులో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బలహీనపడుతుంది. ముందే కనిపెడితే ప్రాణం కాపాడుకోవచ్చు. బళ్లకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని ఉచితంగా పరీక్షించడానికే ఉంది. అనుమానం ఉంటే ఆ బృందాన్ని అడగండి. అనుమానానికి తావు లేకపోతే పిల్లను పిల్లగా ఉండనివ్వండి.

ఎదుగుదల ఆపే మందుల జోలికి పోకండి

"పెరగకుండా ఏదన్నా గోలీ ఉందా?" అని అడిగే తల్లులున్నారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం అర్థమవుతుంది. కానీ ఈ దారిలో వెళ్లిన దేశాల అనుభవం వినండి. 1950ల నుంచి అమెరికాలో, ఆస్ట్రేలియాలో పొడుగు ఆడపిల్లలకు "పెళ్లి కాదేమో" అన్న భయంతోనే ఈస్ట్రోజెన్ హార్మోను పెద్ద మోతాదుల్లో ఇచ్చి పెరుగుదల ఆపారు. ఆ పిల్లలు ఆరోగ్యవంతులు, ఒక్క జబ్బూ లేదు. వాళ్లు పెద్దయ్యాక పరిశోధకులు వెతికి పట్టుకుని అడిగారు. ఆ మందు తీసుకున్నవాళ్లకు గర్భం రావడంలో ఇబ్బందులు ఎక్కువగా ఉన్నాయని 2004లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ ప్రకటించింది. పెళ్లి కోసమని ఇచ్చిన మందు కొందరికి తల్లి కావడానికే అడ్డం వచ్చింది.

లోకులు ఏమనుకుంటారోనని ఆరోగ్యంగా ఉన్న ఒంటికి మందు పెట్టడం ఎంత ప్రమాదమో ఆ ఆడపిల్లల జీవితాలు చెబుతున్నాయి. పసరులు, పొడులు, ఊరి డాక్టరు ఇచ్చే పేరు తెలియని గోలీలు ఏవీ వద్దు. తిండి తగ్గిస్తే పెరగదనుకుని అన్నం తగ్గించడం మరీ దారుణం. పొడుగ్గా ఉంది కాబట్టి బలంగా ఉందనుకోవడమూ పొరపాటే. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వేగంగా పెరిగే ఒంటికి ఇనుము, క్యాల్షియం ఇంకా ఎక్కువ కావాలి. ఆకుకూర, గుడ్డు, పాలు, పప్పు, బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర, ఇవే ఆమెకు కావలసిన మందులు.

పొడుగైంది కదా అని పెద్దదైపోలేదు

ఈ విషయం దగ్గర ప్రతి తండ్రీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. పన్నెండేళ్ల పిల్ల పదహారేళ్ల పిల్లలా కనబడితే లోకం ఆమెను పదహారేళ్లదానిగానే చూస్తుంది. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి పెద్దవాళ్ల సాలు ఇస్తారు. తమ్ముణ్ని కొట్టకుండా ఆమెను కొడతారు, "ఇంత ఎదిగావు, బుద్ధి లేదా" అంటారు. బస్టాండులో నడివయసు మగవాళ్ల చూపు ఆమె మీద పడుతుంది. ఆ చూపు ఏమిటో తెలియని వయసు ఆమెది. ఏదో తప్పు తనలోనే ఉందనుకుని ఇంకొంచెం ముడుచుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తొందరపాటు పెళ్లి. "ఇప్పుడే ఇంత ఉంది, ఇంకా ఆగితే సమానమైన పిల్లగాడు దొరకడు" అన్న మాటతో తొమ్మిదో తరగతి పిల్లలకు సంబంధాలు చూడటం మొదలుపెడతారు. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లైనవాళ్లని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టానికి కావలసింది వయసు రుజువు. ఎత్తు చూసి అది మినహాయింపు ఇవ్వదు. పెళ్లి జరిపించినవాళ్లు, ప్రోత్సహించినవాళ్లు అందరూ శిక్షార్హులే. అలాంటి పెళ్లి మాట చెవిన పడితే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి.

భర్తకన్నా భార్య పొడుగ్గా ఉంటే కాపురం చెడుతుందని ఏ అనుభవమూ చెప్పలేదు. కాపురాలు తాగుడు వల్ల, అప్పుల వల్ల, అనుమానం వల్ల చెడటం మాత్రం మనం రోజూ చూస్తున్నాం. పద్దెనిమిది దాటి, చదువు పూర్తై, తన కాళ్ల మీద తాను నిలబడ్డాక ఆ పిల్లే తనకు నచ్చినవాణ్ని ఎంచుకుంటుంది. అప్పటిదాకా ఆమె వినేలా ఆ ప్రస్తావన ఎవరూ తేవద్దు.

ముగ్గురు తెలుగు ఆడబిడ్డలు

బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు ఎత్తు దాదాపు అయిదడుగుల పదకొండంగుళాలు. ఆమె తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో రమణ ఉన్నారు. ఎత్తు విలువ తెలిసిన ఇంట్లో సింధు పెరిగింది. ఒలింపిక్స్‌లో 2016 రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ విజేత పట్టం. నెట్ మీదుగా ఆమె కొట్టే స్మాష్‌లో ఆ పొడుగు చేతుల బలం ఉంది.

"వాళ్లది ఆటగాళ్ల ఇల్లు, మనకెక్కడిది" అనేవాళ్లకు విశాఖపట్నం జ్యోతి యర్రాజీ గురించి చెప్పాలి. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లల్లో పనిచేసింది, ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని చేసింది. ఆ ఇంట్లో ఆట గురించి తెలిసినవాళ్లు లేరు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తుపట్టారు. వంద మీటర్ల దూరంలో పది అడ్డంకులు, ఒక్కొక్కటి 84 సెంటీమీటర్ల దాకా ఎత్తు. పొడుగు కాళ్లు అక్కడ వరం. 2002 నుంచి చెక్కు చెదరని 13.38 సెకన్ల జాతీయ రికార్డును జ్యోతి 2022లో బద్దలు కొట్టింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయింది, అదే ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పరుగులో దిగిన తొలి భారతీయురాలు ఆమే. ఇంట్లో లేని దన్నును ఒక పంతులు చూపు ఇచ్చింది. అలాంటి చూపు మన మండలంలోని ప్రతి బడిలోనూ ఉండాలి.

వరంగల్ జిల్లా కల్లెడ ఆడబిడ్డ జీవాంజి దీప్తి సంగతి ఎత్తుకు సంబంధించింది కాదు, కానీ మనకు బుద్ధి చెప్పేదే. చిన్నప్పుడు ఆమె రూపాన్ని చూసి ఊళ్లో ఎగతాళి చేశారు. తల్లిదండ్రులు ఆమె వెంట నిలబడ్డారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో ఆమె కాంస్యం గెలిచింది. ఎగతాళి చేసిన నోళ్లకు అప్పుడు దండలు వేయడం తప్పలేదు. దండ వేసే రోజు దాకా ఎందుకు ఆగాలి? ఈ రోజే ఆ నోటిని అదుపులో పెట్టుకోవచ్చు కదా.

పతకం తెచ్చే బాకీ ఆమెకు లేదు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చేయాలి. పొడుగు పిల్ల కనబడగానే "వాలీబాల్ ఆడు, బాస్కెట్‌బాల్ ఆడు" అని వెంటపడటం ఇంకో రకం బరువు. ఆట ఇష్టమైతే దారి చూపాలి. హకీంపేట రాష్ట్ర క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశానికి పెట్టే పరీక్షల్లో ఎత్తు కూడా ఒక అంశమని తల్లిదండ్రులకు తెలియాలి. పోలీసు ఉద్యోగాలకు మహిళల కనీస ఎత్తు 152.5 సెంటీమీటర్లని, ఎత్తు చాలక వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారని పిల్లకు తెలియాలి. కానీ ఆమెకు లెక్కలంటే ఇష్టమైతే లెక్కలే చదవనివ్వండి. బట్టలు కుట్టడం, బొమ్మలు గీయడం, పాట పాడటం, వ్యవసాయం, ఏదైనా సరే. మామూలు మార్కులతో, మామూలు ఉద్యోగంతో, ఒక్క కప్పు గెలవకుండా కూడా ఆమె నిటారుగా నడవవచ్చు. ఆ హక్కు ఆమెకు పుట్టుకతోనే ఉంది.

ఇంట్లో ఇవి చేద్దాం

తల్లీ, మొదటి మాట నీదే కావాలి. చుట్టాలు అన్నప్పుడు నవ్వి ఊరుకోకు. "మా అత్తగారి పోలికమ్మా, ఆమె ఎత్తు చూసే మా మామ మెచ్చి చేసుకున్నడట" అని పిల్ల వినేలా చెప్పు. నీ ఇంటి కథ ఏదైతే అది చెప్పు. తన ఎత్తుకు ఒక వంశం ఉందని, ఆ వంశంలో తనకు ముందు నిటారుగా నడిచిన ఆడవాళ్లున్నారని పిల్లకు తెలియాలి.

తండ్రీ, నీ పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగు. సంతకు, బ్యాంకుకు, ఖమ్మం మార్కెట్‌కు వెంట తీసుకుపో. కూతురు తనకన్నా పొడుగైందని గర్వంగా చెప్పే తండ్రి ఉన్న పిల్లను ఊరు ఏమీ చేయలేదు.

పిల్ల ఏడుస్తూ వచ్చినప్పుడు "పట్టించుకోకు" అని దులిపేయకండి. ఎవరు అన్నారు, ఏమన్నారు, నీకెట్లా అనిపించింది అని అడిగి వినండి. జవాబు ఆమెతోనే తయారు చేయించండి. "అవును, పొడుగే. నా పేరు మాత్రం ఫలానా, ఆ పేరుతో పిలువు" అని తిట్టకుండా, ఏడవకుండా చెప్పడం ఇంట్లో నాలుగుసార్లు అనిపిస్తే బడిలో నోరు పెగులుతుంది. కొడుకులున్న తల్లిదండ్రులకు ఇంకా పెద్ద పని ఉంది. పేర్లు పెట్టేది ఎక్కువగా వాళ్ల పిల్లలే.

బట్టలు ఆమె కొలతకు కుట్టించండి. పైకి ఎక్కిపోయిన లంగా, మడమ పట్టని చెప్పు ఆమెను రోజంతా ఇబ్బంది పెడతాయి. కింద రెండంగుళాలు మడత ఉంచితే ఏడాది గడుస్తుంది.

మేము కోరుతున్నవి

1. మండలంలోని ప్రతి బడిలో, కస్తూర్బా విద్యాలయంలో, హాస్టల్లో ఒంటిని బట్టి పేరు పెట్టి పిలవడం ఆగాలి. పొడుగు, పొట్టి, లావు, నలుపు, కుంటి, ఏదైనా సరే. ముందు పంతుళ్లు మానాలి, పిల్లలు వాళ్లను చూసి మానతారు.

2. పొడుగు పిల్లలను ఏడాదంతా చివరి బెంచీకి పంపవద్దు. పక్క వరసల్లో ముందు కూర్చోబెడితే ఎవరికీ బోర్డు అడ్డం రాదు. కాళ్లు పట్టే బెంచీలు ప్రతి తరగతిలో రెండైనా ఉండాలి. పొట్టి బెంచీలో పదేళ్లు కూర్చుంటే వంగి కూర్చోవడమే అలవాటవుతుంది.

3. బడి దుస్తులు కుడుతున్న మహిళా సంఘాల అక్కలారా, తరగతిని బట్టి సైజు వేయకండి. ప్రతి ఆడపిల్ల దగ్గర టేపు పెట్టి కొలవండి. ఒకరి ముందు ఒకరి కొలత గట్టిగా చదవకండి.

4. ఎత్తు, బరువు కొలిచేటప్పుడు చాటుగా కొలవాలి. ఏటేటా రాసి తల్లిదండ్రులకు చూపించాలి. వెన్నెముక వంపు, రక్తహీనత, చూపు ఆ రోజే పరీక్షించాలి.

5. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో పిచ్చిచెట్లు కొట్టించి నెట్ కట్టించాలి. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకే వదలాలి. ఆ గంటలో మగపిల్లల గుంపు అక్కడ ఉండకూడదు. ఆడవాళ్ల వాలీబాల్ నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఆ ఎత్తుకే కట్టండి.

6. మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఎంపికలకు, క్రీడా పాఠశాల ఎంపికలకు తేదీలు ముందుగా ప్రతి పంచాయతీ నోటీసు బోర్డులో అంటించాలి. తెలియక ఒక్క పిల్ల కూడా అవకాశం పోగొట్టుకోకూడదు.

7. గ్రామసభలో ఏడాదికొకసారైనా ఆడపిల్లల మాట వినాలి. వాళ్లే లేచి చెప్పాలి, మనం కూర్చుని వినాలి.

వీటిలో చాలావాటికి నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. నోరు అదుపులో పెట్టుకోవడానికి ఏ ఆఫీసు అనుమతీ కావాలని లేదు.

ఆడబిడ్డా, చివరి మాట నీతో

నీ ఎత్తు నువ్వు అడిగి తెచ్చుకున్నది కాదు, దానికి నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. భుజాలు వెనక్కి పెట్టు, మెడ నిలబెట్టు. జవాబు తెలిస్తే చెయ్యెత్తు. ఎవరైనా ఒళ్లు చూసి వెకిలిగా మాట్లాడితే ఇంట్లో చెప్పు. ఇంట్లో వినకపోతే టీచరుకు చెప్పు. అక్కడా వినకపోతే 1098కి నువ్వే ఫోన్ చేయవచ్చు. నీలాంటి ఇంకో పిల్ల చిన్న తరగతిలో ఉంటే ఆమె పక్కన వెళ్లి నిలబడు.

పెద్దలారా! ఈ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకోకండి. ఇంటికి వెళ్లి మీ ఆడవాళ్లకు, మీ కొడుకులకు చదివి వినిపించండి. మేడేపల్లి, వల్లభి, పమ్మి, బాణాపురం, గోకినేపల్లి, ప్రతి ఊళ్లోనూ ఒక్కరైనా ఈ కోరికల కాగితం పట్టుకుని హెడ్‌మాస్టరు దగ్గరికి, పంచాయతీ కార్యాలయానికి వెళ్లండి. వచ్చే గ్రామసభలో అడగండి. రేపటి నుంచి మీ వీధిలో ఏ ఆడపిల్లనైనా ఆమె పేరుతోనే పిలవండి.

ఇట్లు,
ముదిగొండ మండల ఆడబిడ్డల మేలు కోరే మీ తోటి గ్రామస్థులు